తట్టే మలుపు

కాలీపోఖ్రీ నుంచి గైరీబాస్‌కి దిగే కొండ దారిలో ఒక మలుపుంది. మా డ్రైవర్లు దాన్ని తట్టే మలుపంటారు. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా బండి వెనక్కి తీయొద్దంటారు.

మా పాత బండ్లు ఆ మలుపులో ఒక్కసారికి తిరగవు. కొంచెం వెనక్కి పోనిచ్చి మళ్లీ ముందుకు తిప్పాలి. వెనకేమో లోయ. అందుకే ఎవరో ఒకరు కిందకి దిగి, బండి రేకు మీద చేత్తో కొడుతూ దారి చెప్తారు. రెండు దెబ్బలు... రా. ఒక దెబ్బ... ఆగు.

నా చిన్నప్పుడు ఒక బండి అక్కడ వెనక్కెళ్లి లోయలో పడింది. చావు తప్పించుకున్న డ్రైవరు ఒకటే మాటన్నాడట. "నాతో ఎవరూ లేరు. కానీ ఎవరో రమ్మని కొట్టారు."

ఇక దేవ్‌మాన్ రాయ్ అన్నకి జరిగిన సంగతి. ఆయనే నాకు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఒకే స్టాండులో బండ్లు తోలుతున్నాం, కోతలు కోసే మనిషి కాదు.

జనవరి నెల. సాయంత్రం ఐదున్నరకే చీకటి, పైగా చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. కాలీపోఖ్రీలో ఒంటరిగా హోటలు నడిపే ఫూల్‌మాయ అవ్వకి ఊపిరి అందడం లేదు. అన్న ఆమెని ఎత్తుకొచ్చి, బండి వెనక పరుపు మీద పడుకోబెట్టాడు.

"ఈ బండి నాకంటే నాలుగేళ్లు పెద్దది," అంది అవ్వ రొప్పుతూనే. "ఎవరు ముందు పోతామో చూద్దాం."

"నోరు మూసుకుని పడుకో అవ్వా."

తట్టే మలుపు వచ్చింది. అన్న బండి ఆపి వెనక్కి చూశాడు. తెల్లటి గోడలా మంచు... అంతే. ఇంజను ఆపి దిగితే ఆ చలికి మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. వెనక అవ్వ ఊపిరి ఈల వేస్తోంది.

రివర్స్ గేరు వేశాడు.

టక్... టక్.

అన్న కాలు బ్రేకు మీదే బిగుసుకుపోయింది.

"అవ్వా..." అని పిలిచాడు మెల్లగా. జవాబు లేదు.

టక్ టక్.

అక్కడే ఉంటే అవ్వ దక్కదు. వెనక్కెళ్తే... ఏమవుతుందో తెలీదు. కళ్లు మూసుకుని అంగుళం అంగుళంగా వదిలాడు. గులకరాళ్లు జారి లోయలోకి పడుతున్నాయి... కింద తగిలిన చప్పుడు మాత్రం రాలేదు.

టక్.

తొక్కి పట్టాడు. స్టీరింగు పూర్తిగా తిప్పి ముందుకు పోనిచ్చాడు. చాల్లేదు. ఇంకోసారి వెనక్కి తీయాలి.

టక్ టక్... టక్ టక్... ఈసారి గట్టిగా, తడబాటు లేకుండా. చివర్లో ఒక్కటే — టక్.

బండి మలుపు దాటింది. గైరీబాస్ దీపాలు కనపడేదాకా అన్న వెనక్కి చూడలేదు. ఆగకుండా కిందకి పోయి, అవ్వని ఆసుపత్రికి చేర్చాడు.

మూడో రోజు కమలాపళ్లు పట్టుకుని చూడ్డానికెళ్లాడు. అవ్వ లేచి కూచుని సూప్ తాగుతోంది.

"ఆ రాత్రి... రేకు మీద కొట్టింది నువ్వేనా?"

"నేను కాక? నా మొగుడు బండి తోలినప్పుడు నలభై ఏళ్లు నేనే కొట్టాను. బండి వెనక పరదా సందులోంచి చూస్తూ స్టీలు గ్లాసుతో కొట్టా. పలుకుదామంటే ఊపిరేదీ."

అన్నకి ఒళ్లు తేలికైపోయింది. మూడు రాత్రులుగా పట్టని నిద్ర అప్పుడే ముంచుకొచ్చినట్టుంది. నవ్వుతూ కమలాపండు ఒలిచి ఇచ్చాడు.

అవ్వ ఒక తొన నోట్లో వేసుకుంది.

"మొదటిసారికే నా చేతిలో సత్తువ అయిపోయింది. రెండోసారికి నువ్వు మనిషిని దింపావుగా, బాగానే కొట్టాడు." తొన నమిలి మింగింది. "ఒక్కటే బాగాలేదు నాయనా. అంత చలిలో అతన్ని అక్కడే వదిలేసి వచ్చేశావేం?"