రాక్షసుడి కళ్లకు రెండు రెప్పలు

మణిశృంగ రాజ్యంలో ఆరు నెలలుగా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. కొండ మీద కరాళుడనే రాక్షసుడు ఒక ముని శాపంతో కనురెప్పలు పోగొట్టుకుని, నిద్రపట్టక రేయింబవళ్లు గర్జిస్తున్నాడు. చిత్రకారుడు గీసిన రెప్పలే వాడికి అతుకుతాయని ముని చెప్పాడు. ఆస్థాన చిత్రకారుడు వీరాచారి వెళ్లాడు గానీ, తొందరలో మొగలివేరు నలగగొట్టి చేసిన మొద్దు కుంచె వాడాడు. అది కంట్లో గీరుకుంది. కరాళుడు మండిపడి ఆయన్ను గుహ గోడ మీద బొమ్మగా మార్చేశాడు. గోడ చెమ్మకు ఆ బొమ్మ రోజురోజుకూ వెలిసిపోతోంది.

ఆయన కూతురు చెంగల్వ మూడు కుంచెలు సంచిలో వేసుకుని బయలుదేరింది. నడిచి నడిచి తల ప్రాణం తోకకొచ్చింది.

దారిలో పొగమంచు నిండిన లోయ అడ్డొచ్చింది. అంచున కూర్చున్న ముసలి యోగిని, "మంచు మీద వంతెన గీసుకుని దాటు" అంది. చెంగల్వ ఉడతతోక వెంట్రుకల సన్న కుంచె తీసింది. మధ్యాహ్నమైనా మూరెడు వంతెన లేవలేదు.

యోగిని ఆవులించింది. "కన్ను దిద్దేదానితో గోడకు సున్నం కొడతారా తల్లీ?"

చెంగల్వ సిగ్గుపడి మొగలివేరు కుంచె అందుకుంది. నాలుగు పట్టీలు లాగేసరికి వంతెన నిలిచింది.

అవతల చారలు వెలిసిన పులి ఎదురైంది. "నన్ను చూసి కుందేళ్లు కూడా నవ్వుతున్నాయి. చారలు వేస్తే కొండెక్కిస్తాను" అంది. చెంగల్వ రంగు బాగా పీల్చే మేకవెంట్రుకల కుంచె తీసింది. ఒక్కో చార ఒక్క లాగులో వచ్చింది. పులి ఆమెను వీపున మోసి గుహ ముందు దించింది.

కరాళుడు ఎర్రటి కళ్లతో చూశాడు. "నిన్ను శపించే ఓపిక కూడా లేదు. వచ్చిన పని కానివ్వు."

మేకవెంట్రుకల కుంచెతో ఒక రెప్పకు మెత్తగా రంగు నింపి, ఊపిరి బిగబట్టి, ఉడత కుంచెతో అంచు దిద్దింది. ఆ కన్ను మూతపడింది.

"ఇక మా నాన్నను విడిచిపెట్టు!"

"రెండోది కూడా వెయ్యమ్మా, విడిచిపెడతాను" అని వాడు బతిమాలాడు.

మాట తప్పితే? చెంగల్వకు భయం వేసింది. కానీ వాడి రెండో కన్ను, నిద్రలేని తన కన్నులాగే మండుతోంది. జాలిపడి రెండో రెప్ప కూడా వేసింది. మరుక్షణమే రాక్షసుడు గురక పెట్టాడు. చెవి పట్టి గుంజినా లేవలేదు. మోసపోయానని ఆమె భోరున ఏడ్చింది.

"ఏడవకు తల్లీ!" గోడలోంచి వీరాచారి ఒళ్లు విరుచుకుంటూ దిగాడు. "వాడి చూపే నన్ను గోడకు అంటించి ఉంచింది. రెండు కళ్లూ మూతపడగానే వదిలింది. ఇంతకూ ఏ కుంచెతో దిద్దావు?"

అప్పటికే చెంగల్వ ఆయన భుజం మీద నిద్రపోయింది.

రాజు ఆమెను ఆస్థాన చిత్రకారిణిని చేశాడు. కాకపోతే ఆ దండోరా మూడు రోజులు ఆలస్యమైంది. అప్పటిదాకా రాజ్యంలో ఎవరూ నిద్ర లేవలేదు.