గడ్డి కూరిన గాలిసంచి

చింతపండు కోసం సంతకు వెళ్ళిన బషీర్, చింతపండు సంగతే మరిచిపోయి ఒక సత్తు గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లెమ్మా! ఆ పని ఆపు. ముందు ఇది చూడు!"

సౌదామిని విమానం రెక్క కింద గొంతుక్కూర్చుని చక్రం చూసుకుంటోంది. కొండల్లోని ఆసుపత్రులకు మందులు చేరవేసే బుల్లి విమానం అది. నడిపేది ఆమె, బాగుచేసేది బషీర్. కుదురుగా కూర్చోవడమన్నది ఆమెకు పుట్టుకతోనే రాలేదు. నేల మీదున్నంతసేపూ ఏదో ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. విసుగ్గా గిన్నె అందుకుని బోర్లించి చూసింది. ఆడుతున్న కాలు ఠక్కున ఆగిపోయింది.

గిన్నె అడుగున, వెలిసిపోయిన నీలిరంగులో ఒక పాలపిట్ట. రెక్కలు విప్పుకుని ఉంది. దానికి కాళ్ళు లేవు.

ఆ పిట్టను వేసింది తనే! పావడాలు కట్టుకునే వయసులో, అన్నయ్య త్రివిక్రమ్ విమానం తలుపు మీద వేసింది. కాళ్ళు మరిచిపోయి ఏడుపుముఖం పెడితే, "పోనీలేవే, ఎగిరేదానికి కాళ్ళెందుకు?" అని అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ వారమే గుమ్మలకోట సంస్థానం వాళ్ళ అమ్మవారి నగల పెట్టె విమానంలో పెట్టుకుని పట్నానికి బయలుదేరాడు. చేరలేదు. దారి పొడవునా వెతికారు. రేకుముక్క కూడా దొరకలేదు. ఇంకేముంది? పెట్టెతో సహా ఉడాయించాడన్నారు. ఒకరన్నది పదిమంది అన్నారు. సౌదామిని ఆ మాట కిందే పెరిగి పెద్దదైంది. విమానం నేర్చుకోవడానికి వెళ్ళిన మొదటిరోజే, "తాళాలు జాగ్రత్తరోయ్, ఎవరి చెల్లెలో తెలుసుగా!" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ ఆమె చెవుల్లోంచి పోలేదు.

"ఎక్కడిది?" అంది గిన్నెను గుండెకు హత్తుకుని.

"సింగికొండ మీదివాళ్ళు సామలు కొలుస్తున్నారు దీంతో. విమానం రేకును సాగగొట్టి చేసుకున్నారు. ఆ కొండమీద యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు విమానాలు దిగడానికి చదును చేయించిన నేల ఉండేదట. త్రివిక్రమ్ పోవలసిన దారికి అది బాగా ఎడంగా ఉంది. అందుకే అటు ఎవరూ వెతకలేదు."

ఆ సాయంత్రమే ఆమె గుమ్మలకోట వెళ్ళి సంస్థానం వారసుడు సర్వోత్తమ వర్మ ఎదుట నిలబడింది.

"మీరు నాతో రావాలి వర్మగారూ. పెట్టె దొరికితే చూసిన కళ్ళు మీవి కావాలి. నేను చూశానంటే ఎవరు నమ్ముతారు?"

"ఖాళీ పెట్టె దొరికితే?" అన్నాడు వర్మ, మీసం కింద నవ్వుతూ.

"అప్పుడు మా అన్నయ్యను మీ ఇష్టమొచ్చినట్టు అనుకోండి. బతికున్నంతకాలం నేను నోరెత్తను."

మాట అనేసింది గానీ, ఆ రాత్రంతా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

తెల్లారి ముగ్గురూ ఎగిరారు. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది. పడమటి కొండల మీద నల్లటి మబ్బు అప్పుడే కాళ్ళు చాపుకుంటోంది. వెనక సీట్లో వర్మ పట్టీని రెండు చేతులా పట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా అమ్మవారిని తలుచుకుంటున్నాడు. లోయలు, వాగులు, మళ్ళీ లోయలు. ఉన్నట్టుండి బషీర్ కేకపెట్టాడు.

"అదిగో! కిందకి చూడు!"

సౌదామిని చూసింది. చూసి తన కళ్ళను తనే నమ్మలేకపోయింది. ఇన్నేళ్ళుగా మనిషి పట్టించుకోని నేల అడవిలో కలిసిపోయి ఉండాలి కదా! అది అప్పుడే అలికిన అరుగులా ఉంది. పొద లేదు, రాయి లేదు. ఒక కొస నిట్టనిలువు కొండగోడకు ఆనుకుంది. రెండో కొస దగ్గర నేల తెగి లోయలోకి జారిపోయింది. మధ్యంతా ఏటవాలు. ఇలాంటిచోట్ల గాలి ఎటు వీచినా సరే, దిగేటప్పుడు ఎగువకే దిగాలి, లేచేటప్పుడు దిగువకే లేవాలి. రెండో దారి లేదు.

నేల పక్కన గడకర్రకు ఎర్రటి గాలిసంచి కూడా ఉంది. రెండు మూతులున్న గుడ్డసంచి అది. గాలి ఎటు పోతుంటే అటు ఉబ్బి చూపిస్తుంది. ఒకసారి తక్కువ ఎత్తులో నేల పొడవునా ఎగిరి చూసుకుంది. సంచి నిండుగా ఉబ్బి లోయవైపు తిరిగి ఉంది. అంటే గాలి కొండగోడ నుంచి కిందకు దిగుతోంది. దిగే విమానానికి ఎదురుగాలి. ఇంతకంటే ఏం కావాలి?

"గట్టిగా కూర్చోండి!" అని ముక్కు దించింది.

లోయ అంచు దాటింది. చక్రాలు నేలను తాకవేం? విమానం ఆగకుండా జారుతోంది, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు! కొండగోడ మీదమీదకు వస్తోంది.

"వెనకగాలి! వెనకగాలి చెల్లెమ్మా!" బషీర్ అరిచాడు.

"తెలుస్తోంది, అరవకు!"

చక్రాలు తాకాయి, ఎగిరిపడ్డాయి, మళ్ళీ తాకాయి. సౌదామిని బ్రేకుల మీద నిలబడినంత పనిచేసి, ఆఖరిక్షణంలో ఒక పక్కకు తిప్పేసింది. విమానం దుమ్ము లేపుకుంటూ గిర్రున తిరిగి, రెక్క గోడకు రాసుకుంటుందా అన్నంత దగ్గరగా వచ్చి ఆగింది. వర్మ ఇంకా పట్టీని వదల్లేదు. సౌదామిని మాత్రం తలుపు తోసుకుని దూకి, సరాసరి గడకర్ర దగ్గరకు పరుగెత్తింది. మొహానికి గాలి లోయవైపు నుంచే కొడుతోంది. సంచి మాత్రం ఆ గాలికే ఎదురుతిరిగి నిలబడి ఉంది. చేత్తో నొక్కి చూసింది.

లోపల గడ్డి! సంచి నిండా గట్టిగా కూరిన ఎండుగడ్డి! కర్రకు కదలకుండా నారతో బిగించి కట్టారు.

"ఏ పెద్దమనిషి చేశాడీ పని? మమ్మల్ని చంపేవాళ్ళు కదా!" అని అడవంతా మారుమోగేలా అరిచింది.

చెట్ల మాటునుంచి వెదురు చీపుళ్ళతో కొండవాళ్ళు ఒక్కొక్కరే ఇవతలకు వచ్చారు. అందరికంటే ముందున్న పెద్దావిడ పేరు పాంగి బుద్రి. ఆమె సౌదామిని మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఓలమ్మ! ఆ బాబు ముక్కే. నువ్వు ఆ బాబు సెల్లివేటి? ఇన్నేళ్ళకొచ్చినారా?"

సౌదామినికి కోపం ఎటుపోయిందో తెలియలేదు. బుద్రి చెప్పుకుపోయింది. మబ్బుల్లో దారితప్పి త్రివిక్రమ్ ఇక్కడ దిగాడు. మర్నాడు పొద్దున్నే పోదామనుకున్నాడు. ఆ సాయంత్రమే బుద్రి చెల్లెల్ని పాము కరిచింది.

"పెద్దాసుపత్రికి ఎత్తుకుపోతానన్నాడు. బరువైతే ఎగరదని పెట్టెను గుహలో ఎట్టించినాడు. 'ఇది నాది కాదమ్మా, జాగ్రత్త. దీనోళ్ళు వొస్తారు. ఈ నేల సుబ్బరంగా ఉంచండి' అని సెప్పినాడు. గాలేమో ఎనకనుంచి తోసేస్తంది. బాబు ఆ సంచీవేపు సూసినాడు, నా సెల్లివేపు సూసినాడు, ఎక్కీసినాడు." ఆమె లోయవైపు చెయ్యి చూపింది. "ఇద్దరూ ఆ కిందే పోయినారమ్మా. ఇద్దర్నీ పైకి తెచ్చి ఈ అంచునే పక్కపక్కన ఎట్టినాం. కిందకెళ్ళి సెప్తే ఎవుడూ నమ్మనేదు. నవ్వి తోలేసినారు."

ఏటా తొలకరికి ముందొకసారి, వానలు వెళ్ళాక ఒకసారి ఊరంతా కలిసి ఆ నేల ఊడ్చడం వాళ్ళకు పండగ అయిపోయింది. గుడ్డ చిరిగినప్పుడల్లా సంచిని కొత్తగా కుట్టారు. ఆ బాబు వెళ్ళిన రోజున అది ఎలా ఉబ్బి ఎటు చూసిందో, అలాగే ఉండాలని గడ్డి కూరి కట్టారు. గాలిసంచి ఎందుకో వాళ్ళకు తెలియదు. అన్నయ్య ఆఖరిరోజు వీచిన గాలి అన్నేళ్ళుగా ఆ కర్రకు కట్టి ఉంది. అది వెనకగాలి. తెలిసి తెలిసి ఏ పైలటూ దాంట్లో లేవడు. అన్నయ్య లేచాడు. సౌదామిని ఆ కర్రనే పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"కథ బాగానే ఉంది," అన్నాడు వర్మ గొంతు సవరించుకుని. "పెట్టె చూస్తే గానీ నేనేమీ అనలేను."

"పద చూద్దువు గాని!" అన్నాడు బషీర్ పళ్ళు కొరుకుతూ. 'మీరు' అనడం కూడా మరిచిపోయాడు పాపం.

కొండగోడలో మనిషి వంగితే పట్టేంత నెర్రె. బుద్రి ముందే హెచ్చరించింది. "లోపల పెద్ద తేనెపట్లున్నాయి బాబూ. నిప్పు ఎలిగించొద్దు, గట్టిగా మాటాడొద్దు." పాకుతూ, జారుతూ లోపలికి దిగారు. గబ్బిలాల కంపు. నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్న చప్పుడు. బషీర్ టార్చి వెలుగులో, ఎత్తైన రాతి అరుగు మీద, ఆకులు కప్పిన ఇనప్పెట్టె కనిపించింది. తాళం మీద సంస్థానం వారి లక్కముద్ర. పగుళ్ళు వారినా, విడలేదు.

"చూశారా?" అంది సౌదామిని గుసగుసగా. "కళ్ళారా చూశారా వర్మగారూ?"

వర్మ చూడ్డానికి వంగాడు. సరిగ్గా అప్పుడే టార్చి మినుకుమినుకుమని ఆరిపోయింది. చీకట్లో పెట్టె మళ్ళీ మాయమవుతుందని భయపడ్డాడో ఏమో, ఆ మహానుభావుడు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, రుమాలు చుట్టి అంటించాడు!

"వద్దు!" అందరూ ఒక్కసారే అరిచారు. పొగ పైకి లేచింది. కప్పు నుంచి హోరు దిగింది.

"పరుగెత్తండి! మొహాలు కప్పుకోండి!"

పడుతూ లేస్తూ బయటపడ్డారు. బుద్రి మనుషులు తడి గోనెలు విసిరి కప్పి ముగ్గుర్నీ ఈడ్చుకుపోయారు. బషీర్‌కు మెడమీద, సౌదామినికి చేతులమీద కుట్టాయి. వర్మను మాత్రం వదిలిపెట్టలేదు. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. పెదాలు నీలంగా మారాయి. ఊపిరి ఈలవేస్తోంది.

"ఇతను ఆసుపత్రికి చేరకపోతే దక్కడు," అంది సౌదామిని. ఆకాశం చూసింది. మబ్బు నెత్తిమీదకు వచ్చేసింది. ఉరుము దొర్లింది. గాలి తిరిగింది. ఇప్పుడది కొండగోడ నుంచి లోయలోకి తోస్తోంది. ఒక్క వాన పడితే ఈ నేల బురదే. ఇక విమానం లేవదు.

"బషీర్ భాయ్, వెనక సీటు పీకెయ్. పెట్రోలు ఆసుపత్రి దాకా ఉంచి మిగతాది దింపెయ్. నువ్వు ఇక్కడే ఉండిపోవాలి."

"ఉంటానులే. నాకు ఇక్కడ అత్తారిల్లులా ఉంది," అన్నాడు బషీర్, కళ్ళు తుడుచుకుంటూ.

గోనె మీద పడుకున్న వర్మ చెయ్యి గుహవైపు లేచింది. "పె... పెట్టె..."

"పెట్టె ఎక్కితే మీరు దిగాలి!" అని కసిరింది. "ఆ రోజు మా అన్నయ్య కూడా ఇదే లెక్క వేసుకున్నాడు. అర్థమైందా?"

వర్మ చెయ్యి మెల్లగా కిందకు వాలింది. ఉబ్బిన రెప్పల సందునుంచి నీళ్ళు కారాయి.

సౌదామిని గడకర్ర దగ్గరకు పరుగెత్తి, కత్తితో నార కోసి, సంచి చీల్చి గడ్డంతా కింద పోసింది. చీలిక దగ్గర ముడివేసి మళ్ళీ వేలాడదీసింది. ఖాళీ సంచి ఒక్కసారి రెపరెపలాడి, ఉబ్బి, లోయవైపు తిరిగింది. గడ్డి ఉన్నప్పుడు ఎటు చూపిందో, సరిగ్గా అటే! కొండవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. అదే గాలి. అన్నయ్యను తీసుకుపోయిన గాలి.

"బుద్రమ్మా! మీవాళ్ళంతా తోక పట్టుకోండి. నా చెయ్యి దిగేదాకా ప్రాణం పోయినా వదలొద్దు!"

ఇంజను గాండ్రించింది. విమానం ముందుకు గుంజుతోంది, వెనక ఊరంతా దాని తోక పట్టుకుని వేలాడుతోంది. సౌదామిని కళ్ళు సంచి మీదే ఉన్నాయి. ఉరుముకు ముందు గాలి ఒకసారి ఊపిరి బిగబడుతుంది. ఆ కాస్త చాలు. సంచి ఉబ్బి ఉంది... ఇంకా ఉబ్బే ఉంది... చినుకు అద్దం మీద టప్పుమని పడింది. ఆగు, ఆగు... సంచి వంగింది. మెత్తగా జారి కర్రను ఆనుకుంది.

చెయ్యి దించింది.

విమానం విల్లు వదిలిన బాణంలా దిగువకు దూసుకుపోయింది. నేల అయిపోయింది. కింద లోయ నోరు తెరిచింది. పడుతోంది, పడుతోంది, చెట్ల తలలు చక్రాలకు రాసుకున్నాయి. ఆ చెట్ల మధ్య తుప్పుపట్టిన రెక్క ఒకటి, క్షణంపాటు, కనిపించి వెనక్కి పోయింది.

"అన్నయ్యా, పట్టుకో!" అని గావుకేక పెట్టింది.

రెక్కలకు గాలి దొరికింది. ముక్కు లేచింది. వాన వెనకబడింది.

వర్మ బతికాడు. వాపు దిగి నోరు పెగిలిన రోజున, చూడవచ్చిన గుమ్మలకోట పెద్దలు ఆత్రంగా నగల సంగతి అడిగారు. "ముందు త్రివిక్రమ్ సంగతి వినండి," అని మొదలుపెట్టి, తన అగ్గిపుల్ల ఘనకార్యంతో సహా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆనాడు దొంగ అన్న నోళ్ళలో కొన్ని అక్కడే ఉన్నాయి.

వానలు వెళ్ళాక, నేల ఊడ్చే పండగనాడు, సౌదామిని మళ్ళీ సింగికొండ మీద దిగింది. పక్క సీట్లో వర్మ. వాగులు పొంగి దారి తెగడంతో వానకాలమంతా అక్కడే ఉండి ఆ ఊరి తిండికి నున్నగా తయారైన బషీర్ ఎదురొచ్చి, "చింతపండు తెచ్చావా?" అని అడిగాడు. కొండవాళ్ళు అప్పటికే పెట్టెను మోసుకొచ్చి రాతిమీద పెట్టారు.

"తెరిసి సూసుకో బాబూ," అంది బుద్రి. "అన్నీ ఉన్నాయో నేదో."

వర్మ లక్కముద్రను ముట్టుకోలేదు. చుట్టూ చూశాడు. ఊరంతా వరసగా నిలబడి, పైకొస నుంచి ఊడ్చడం మొదలుపెడుతోంది. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, బుద్రి చేతిలోని వెదురు చీపురు అడిగి తీసుకున్నాడు.

"ఇంత పొడుగు నేల. మీకు చాతవుద్దేటి?" అంది బుద్రి నవ్వుతూ.

"చాతకాకపోతే నేర్పు తల్లీ," అని వంగి, కొండగోడ దగ్గర మొదలుపెట్టాడు.

సౌదామిని లోయ అంచున, పక్కపక్కనే ఉన్న రెండు రాళ్ళ కుప్పల మధ్య కూర్చుంది. ఖాళీ గాలిసంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతోంది. వర్మ ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ ఆ చివరిదాకా వచ్చేవరకూ, ఆమె కాలు కదపకుండా అక్కడే కూర్చుంది.