హాలు వెనక గోడ కొలత

ఆ కాలనీలో పొద్దుపోయాక కమ్యూనిటీ హాలు వెనక్కి ఎవరూ వెళ్లరు. ఒకసారి వెళ్లినవాళ్లు పగలు కూడా వెళ్లరు.

నాలుగు బ్లాకులు, మూడేసి అంతస్తులు, గదికో కుటుంబం. వాటన్నిటికీ చివర, ప్రహరీగోడకి ఆనుకుని ఆ హాలు. పొద్దున రిబ్బను కత్తిరించారు, సాయంత్రం తాళం వేశారు. పన్నెండేళ్లయింది. ఆ తాళం ఇప్పుడు తాళంచెవి పెట్టినా రాదు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ముందు వాసన మొదలైందంటారు... కుళ్లిన వాసన. తర్వాత దగ్గు. ఆ తర్వాత, వెనక గోడ మూల మీద తెల్లగా నిలబడే ఆకారం. కరెంటు పనివాడొకడు స్తంభం చూడ్డానికి వెళ్లి ఒక చెప్పుతో తిరిగొచ్చాడు. హాలు పడగొట్టడానికి వచ్చిన కూలీలు రెండుసార్లు గడ్డపారలు భుజాన వేసుకుని వెనక్కి పోయారు. ఎవరో ఆడమనిషి ఉరేసుకుందని కొందరు, కాదు పునాది గోతిలో పడిందని కొందరు. ఆవిడ పేరేమిటని అడిగితే మాత్రం అందరూ నోరు మూసుకుంటారు.

ఇదంతా తెలిసే ఆ పిల్ల వెళ్లింది. ఎందుకంటే... ఒక్క కొలత తక్కువైంది.

ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్ల. క్లాసులో అందరూ "ముక్కు" అని పిలిచేవారు. ముక్కు పెద్దదని కాదు, ఆ ముక్కుకి అందనిది లేదని. బస్సులో సీటు తుడవనిదే కూర్చోదు. హాస్టల్లో గ్లాసుని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు ఎత్తుతుంది. అంతకుముందు ఒక బడి గీసింది, ఒక గ్రంథాలయం గీసింది, అన్నీ ఖాళీ స్థలాల్లోనే. కాగితం మీద స్థలానికి వాసన ఉండదు కదా. ఆఖరి ప్రాజెక్టుకి మాత్రం గైడు మాస్టారు ఈ కాలనీని అంటగట్టాడు. ఇళ్లు తిరగ్గీయాలి, మధ్యలో అందరికీ పనికొచ్చే భవనం ఒకటి గీయాలి. అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు కట్టిపెట్టి వచ్చెయ్యమని ఇంట్లో చెప్పేశారు.

మూడుసార్లు ముక్కుకి రుమాలు కట్టుకుని వెళ్లి కొలుచుకుంది. పొంగే డ్రైనేజీని గెంతుకుంటూ, మెట్ల మీద ఉమ్మిన మరకలకి చెయ్యి తగలకుండా. కాలనీ నడిమధ్యన ఉమ్మడి మరుగుదొడ్లున్నాయి. లోపల ఒక్క అడుగు వేసి, రెండో అడుగు బయటికే వేసింది. "వాడుకలో లేవు" అని రాసుకుంది. వాటి ఎదురుగా అరుగు మీద మగాళ్లు పొద్దస్తమానం కేరమ్స్ ఆడుతుంటే ఫొటో తీసి, కింద "జనంతో కళకళలాడే చోటు" అని కూడా రాసింది. ఎవరికి కళగా ఉందో అడగాలని తోచలేదు.

గైడు మాస్టారికి ప్లాను నచ్చింది. "ఆ దరిద్రపు హాలు తీసిపారెయ్. హౌసింగ్ బోర్డు ఆఫీసరు జ్యూరీకి వస్తున్నాడు. నచ్చితే ముందు కూల్చివేత మొదలుపెట్టిస్తానన్నాడు" అన్నాడు. జ్యూరీ అంటే గోడకి గీతలన్నీ తగిలించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడితే, పెద్దలు వరసగా కూర్చుని తప్పులు పట్టే తతంగం. అది సోమవారం.

ఆ చదువు చదివిన ప్రతివాళ్లకీ తెలిసిన బాధ ఒకటుంది. వంద కొలతలు తెచ్చుకుంటారు. గీయడానికి కూర్చుంటే ఒక్క గది మూసుకోదు, ఒక కొలత తక్కువ! పడగొట్టే హాలుని చుక్కల గీతతో చూపించాలి. మూడు గోడలున్నాయి, వెనక గోడ లేదు. వాసన భరించలేక అటు వెళ్లనే లేదు మరి.

శనివారం కాలేజీ అయ్యాక రెండు బస్సులు మారి వెళ్లేసరికి చీకటి పడిపోయింది.

"వెనక్కి వద్దమ్మా" అన్నాడు వాచ్‌మన్. "పన్నెండేళ్లుగా ఇక్కడున్నాను. నేనే వెళ్లలేదు."

"రెండు నిమిషాలు బాబాయ్. టేపు పెట్టి తీసేస్తాను" అంది.

ఆయన తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

హాలు పక్కనుంచి సందు. పది అడుగులు వేసేసరికే వాసన రుమాల్ని దాటింది. చేపల పొట్టలు, మురిగిన గుడ్లు, ఇంకా ఏమిటో... అవన్నీ కలిసి నాలుక మీద పూసినట్టు. కాలి కింద ఏదో మెత్తగా నలిగింది. చూడలేదు. చూస్తే అక్కడే కక్కుకునేది. ఛీ, ఇలాంటి చోట మనుషులు ఎలా బతుకుతారు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

మూల మీద ఒక గొట్టం ఉంది. టేపు కొనని దానికి తగిలించింది. ఫోను లైటుని చంకలో ఇరికించుకుని, గోడ వెంట వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

పది అడుగులు... ఇరవై...

గోడకి అవతల, లోపల... ఎవరో దగ్గారు.

ఆగింది. ఏమీ లేదు. పిల్లి అయ్యుంటుంది. పిల్లి దగ్గుతుందా? ఆలోచించకూడదని ఇంకో పది అడుగులు వేసింది. అవతలి మూల చేరింది. అంకె చదవబోయింది—టేపు వదులైపోయింది. కొన జారి కింద పడ్డ చప్పుడు.

మళ్లీ అంత దూరం వెళ్లాలా అని ఏడుపొచ్చింది.

అప్పుడు... టేపు లేచింది.

దానంతటదే. నేల మీంచి మెల్లగా పైకి లేచి, బిగుసుకుని, తిన్నగా నిలబడింది. ఎవరో కొనని గోడకి ఆనించి పట్టుకున్నట్టు. అదీ చేతకాని పట్టు కాదు, పని తెలిసినవాళ్ల పట్టు.

లైటు తిప్పింది. మూల మీద తెల్లగా... నిలువెత్తుగా... ముఖం లేదు.

"ఎంతొచ్చింది?" అని గుసగుసగా అడిగింది ఆ తెల్లనిది.

ఆ పిల్ల తర్వాత చెప్పుకుని తలకొట్టుకుంది గాని, ఆ క్షణంలో అలవాటు నోరు తెరిపించింది. టేపు పట్టుకున్నవాళ్లు అడిగితే అంకె చెప్పాలి, అంతే. "ముప్పై ఎనిమిది అడుగుల... నాలుగంగుళాలు" అంది, పళ్లు టకటకలాడుతుండగా.

"టేపు వేలాడుతోంది. బిగించి చూడు."

బిగించింది. "మూడంగుళాలు."

"ఆఁ... అది రాసుకో. లైటు ఆర్పు."

రాయలేదు, లైటూ ఆర్పలేదు. తెల్లనిది గోడ వెంట దగ్గరికి వచ్చింది. వస్తూ దుప్పటి తల మీంచి వెనక్కి తోసుకుంది. లోపల ఒక ముసలావిడ. దగ్గొకటి దగ్గి, ఈ పిల్ల మణికట్టు పట్టుకుంది. వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"కేకెయ్యకమ్మాయ్. కేకేస్తే అందరికీ చెడుతుంది. లోపలికి రా."

వెనక గోడకి చిన్న తలుపుంది. దాని లోపల, స్టేజీ మీద ఆడేవాళ్ల కోసమని కట్టిన రెండు మరుగుదొడ్లు. తలుపు తియ్యగానే ఆ పిల్ల రుమాలు దించేసింది, తనకి తెలియకుండానే. సబ్బు వాసన. తోమి తోమి తెల్లబడ్డ గచ్చు. నిండు బకెట్లు. గడియకి నూనె రాసి ఉంది. ఆ కాలనీలో ఆమె చూసిన ఒకే ఒక్క శుభ్రమైన చోటు అదే.

గోడవారన పదిమంది దాకా ఆడవాళ్లు, చప్పుడు లేకుండా వరసలో నిలబడి ఉన్నారు. ఒకామెకి నెలలు నిండాయి. ఒక పిల్లకి బడి జడలింకా విప్పలేదు.

ముసలావిడని అందరూ పెద్దమ్మ అంటున్నారు. నలభై ఏళ్లు మేస్త్రీల వెనక తట్టలు మోసి, టేపులు పట్టిన మనిషి. ఆవిడే చెప్పింది. బోర్డు వాళ్లు హాలుకి తాళం వేశారు గాని, నీళ్ల లైను కొయ్యడం మరిచిపోయారట. చేపల మార్కెట్లో పనిచేసే ఆమె వారానికోసారి పొట్టలు తెస్తుందట, మగాళ్లెవరూ ఇటు రాకుండా డబ్బాల్లో నింపి సందులో పెడతారట. పాతబడితే కంపు తగ్గిపోతుంది కనక మారుస్తూ ఉండాలట. దుప్పటి వంతు మాత్రం తనదేనట, మిగతావాళ్లకి నవ్వాగదు.

"మధ్యలో ఉన్నవి వాడుకోవచ్చు కదా పెద్దమ్మా, ఇన్ని తంటాలెందుకు?" అంది ముక్కు.

పెద్దమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "తలుపు ఎదురుగానే అరుగు. లోపలికి వెళ్తే ఎంతసేపైందో లెక్కపెడతారు. బయటికొస్తే ఈల వేస్తారు. మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేసేవాళ్లం. ఎవరూ వెళ్లక అవీ పాడైపోయాయి."

ఆ తర్వాత నువ్వేం గీస్తున్నావో చూపించమంది. ముక్కు ఫోనులో ప్లాను తీసింది. కొంచెం గర్వంగానే తీసింది, ఏం దాచుకోవాలి? నలభై ఏళ్లు ఇంజనీర్ల భుజాల మీంచి ప్లానులు చూసిన కళ్లు అవి. ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇవి లెట్రిన్లు. ఇది తలుపు. దీని ఎదురుగా గుండ్రంగా ఇదేమిటి?"

"మెట్లు పెద్దమ్మా. కూర్చోడానికి."

"ఈ బొమ్మలు?"

ప్లానులో జనం లేకపోతే బోసిగా ఉంటుందని ఎక్కడో దొరికిన బొమ్మలు తెచ్చి అతికించింది. పేపరు చదివే మగాళ్లు, కాళ్లు చాపుకున్న మగాళ్లు. పెద్దమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడుగురు. ఏడుగురూ తలుపుకేసే చూస్తున్నారు.

"ఇక్కడేం రాశావు?"

"ఇంటరాక్షన్ స్పేస్... అంటే, అందరూ కలుసుకునే చోటు."

వరసలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. పెద్దమ్మ నవ్వలేదు.

"వాళ్లని కలుసుకోలేకే కదమ్మా దెయ్యాలమయ్యాం."

ఆ పిల్లకి అసహ్యం వేసింది. ఇందాక సందులో వేసినదానికన్నా ఎక్కువ. అరుగుని ఫొటో తీసిన తన చెయ్యి మీద, దాని కింద రాసిన మాట మీద, ఏడుగురు మగాళ్లని ఏరికోరి అతికించిన తన తెలివి మీద, అన్నిటి మీదా. వీళ్ల మధ్య ముక్కు మూసుకుని తిరిగింది, కళ్లు కూడా మూసుకునే తిరిగింది.

మరుగుదొడ్ల తలుపులు వెనకవైపు తిప్పేస్తానంది. జ్యూరీలో అందరికీ ఈ సంగతి చెబుతానంది.

"తిప్పు, మంచిదే" అంది పెద్దమ్మ. "కానీ నువ్వు గీసింది కట్టేసరికి ఈ బడిపిల్ల తల్లవుతుంది. కూల్చడం మాత్రం వెంటనే కూలుస్తారు. ఇక చెప్పడమంటావా... చెప్పిన మర్నాడు ఆ కేరమ్ బల్ల ఇక్కడికొస్తుంది." నూనె రాసిన గడియ మీద చెయ్యి వేసి, "మాకున్నది ఇదొక్కటేనమ్మా" అంది.

వాచ్‌మన్ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఏమైనా కనబడిందా అని కిటికీలోంచి అడిగాడు. ముక్కు తలూపి వెళ్లిపోయింది. ఆయన ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఆదివారమంతా చెరిపింది, గీసింది. అచ్చు వేయించుకున్న పాత కాగితం తెరిస్తే కంపు కొట్టినట్టనిపించింది, చింపి పారేసింది. మరుగుదొడ్ల తలుపుల్ని వెనక్కి తిప్పి, దారి మొదట్లో అడ్డుగోడ పెట్టింది. కొత్త భవనాన్ని పక్కకి జరిపింది. హాలుని మాత్రం చుక్కల గీతతో కాదు, నల్లటి గీతతో గీసింది. వెనక గోడ ముప్పై ఎనిమిది అడుగుల మూడంగుళాలు.

సోమవారం గైడు మాస్టారు గోడకేసి చూసి ఎర్రబడ్డాడు. "ఆ పాడు హాలు ఇంకా ఎందుకుంది?"

ఇక్కడే ఉంది కష్టం. నిజం చెబితే మాస్టారు ఎగిరి గంతేస్తాడని ఆ పిల్లకి తెలుసు. ఇలాంటి సంగతి తవ్వి తెచ్చిన విద్యార్థి ఇంకొకరు లేరని పొగుడుతాడు, మార్కులు కుమ్మరిస్తాడు. చెప్పకపోతే చదువే పోవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే ఆఫీసరు పెన్ను తెరిచి, రాసుకోడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అక్కడ దెయ్యం ఉంది సార్" అంది ముక్కు.

గదంతా గొల్లుమంది. మాస్టారు తల పట్టుకున్నాడు. ఆఖరి సంవత్సరం పిల్ల, జ్యూరీలో నిలబడి దెయ్యమంటుందా అని ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మార్కుల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత చెప్పడానికి వీలుండదు. పాసయింది, సరిగ్గా పాసు గీత మీద. హాలు ఇంకా నిలబడే ఉంది.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కూలీలు రెండుసార్లు తిరిగొచ్చిన ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. కుర్చీలో ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను సార్."

"ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు సార్..." అంది ఆ పిల్ల. "లోపలికెళ్లి తలుపేసుకుంటుంది."