స్కెల్‌బీలో దిగనివ్వమన్న గొంతు

స్కెల్‌బీ పాత ఎయిర్‌ఫీల్డ్‌లో మాత్రం రేడియో స్కానర్ పెట్టకూడదు. లింకన్‌షైర్‌లో యుద్ధవిమానాల పైలట్ల మాటలు రేడియోలో పట్టి వినే సరదా ఉన్న ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఆ చోటు వదిలేశారు. రన్‌వే చాలావరకు చక్కెరదుంపల పొలంలో కలిసిపోయింది. మిగిలిన కాంక్రీటు ముక్క మీద రైతు దుంపలు కుప్ప పోస్తాడు. పొగమంచు దిగిన రాత్రి అక్కడ స్కానర్ తిప్పితే... ఓ కుర్ర గొంతు దిగనివ్వమని అడుగుతుందట. విన్నవాడు ఆ ఏడు క్రిస్మస్ చూడడట.

ఆ సరదా ఉన్న విల్ఫ్ విన్నాడు — అక్టోబరులో, ఒంటరిగా.

అప్పట్నుంచి మనిషి సగమయ్యాడు. తిండి మానేశాడు. తన మంచి కోటు బావమరిదికి ఇచ్చేశాడు. డాక్టరు చూసి ఏ రోగమూ లేదన్నాడు. డాక్టరుకి కనబడని చావు పబ్బులో ప్రతివాడికీ ఎలా కనబడుతోందోనని అతని భార్య మేవిస్ మండిపడేది. డిసెంబరు వచ్చేసరికి ఆమె ఓపిక చచ్చింది.

"లే. స్కెల్‌బీ వెళ్తున్నాం."

"నీకేమైనా పిచ్చా మేవిస్?"

"నేనూ వింటాను. చస్తే ఇద్దరం చద్దాం. నువ్వు ముందెళ్ళి అక్కడ మా అమ్మకి నా మీద చాడీలు చెబుతుంటే నేనిక్కడ ఊరుకోవాలా?"

"నాకు కోటు లేదుగా..."

"నాది తొడుక్కో."

భార్య ఊదారంగు కోటు తొడుక్కుని విల్ఫ్ కారెక్కాడు.

దుంపల కుప్ప పక్కన కారు ఆపి స్కానర్ పెట్టారు. పక్కనున్న వైమానిక దళం బేస్ నుంచి జెట్లు రాత్రి సాధన చేస్తున్నాయి. "ఆ కొత్త పైలట్ అమ్మాయి ఇవాళ విమానం చక్కగా దించింది," అంది మేవిస్. విల్ఫ్ చిన్నగా తలూపాడు. ఎన్నో వారాల తర్వాత అతనికి ఇంకొకరి సంగతి పట్టింది.

కాసేపటికి బేస్ వాళ్ళు ఈ రాత్రికి చాలన్నారు. రేడియో మూగబోయింది. పొగమంచు కారు అద్దాల దాకా వచ్చేసింది...

"స్కెల్‌బీ... స్కెల్‌బీ..."

విల్ఫ్ చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుసుకుంది.

"దీపాలు కనబడటం లేదు... దిగొచ్చా?"

"అదే... ఆపెయ్ మేవిస్..."

స్విచ్ వైపు వెళ్ళిన అతని చేతి మీద మేవిస్ ఒక్కటి వేసింది. ఆమెకీ ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. కానీ ఆ గొంతులో బెదిరింపు లేదు. ఇరవయ్యేళ్ళు కూడా నిండని కుర్రాడు — వాడే భయపడుతున్నాడు. అది తెలిసేసరికి మేవిస్‌కి భయం పోయి కోపం వచ్చింది.

"ఎప్పట్నుంచి అడుగుతున్నాడు వీడు?"

"మనవాళ్ళు... నలభై ఏళ్ళుగా వింటున్నారు."

"ఒక్కడైనా జవాబిచ్చాడా?"

"జవాబా?" విల్ఫ్‌కి ఆ మాటే అర్థం కాలేదు. "మన పని వినడం. వినేవాడు మాట్లాడకూడదు, అది మొదటి నియమం. అసలు స్కానర్‌కి మైకే ఉండదు కదా."

"అంటే ఇంతమంది చెవులు రిక్కించి విని, కాళ్ళకు బుద్ధి చెప్పారన్నమాట. పైగా పాపం వాణ్ణి దెయ్యమన్నారు."

"స్కెల్‌బీ... పెట్రోలు అయిపోతోంది..."

మేవిస్ ఇంజిన్ స్టార్ట్ చేసింది. కాంక్రీటు చివరికి పోనిచ్చి, కారు వెనక్కి తిప్పి, హెడ్‌లైట్లు పూర్తిగా వేసింది. పొగమంచులో రన్‌వే తెల్లగా లేచింది.

"మన మీదికే వస్తే?" గుసగుసగా అన్నాడు విల్ఫ్.

"రానీ. రెండు నెలలుగా చావుకోసం ముస్తాబై కూర్చున్నావుగా, ఇంకేం భయం? ఇటు రా నాయనా... ఇటు."

దూరంగా ఇంజిన్ల మోత. దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... కనబడ్డదేమీ లేదు. కాంక్రీటు మీద చక్రాలు కీచుమన్నాయి. కారు అటూ ఇటూ ఊగింది. కుప్ప మీంచి దుంపలు దొర్లిపడ్డాయి.

తర్వాత నిశ్శబ్దం.

"దిగాం," అంది రేడియో. "థాంక్యూ స్కెల్‌బీ." ఆ కుర్రాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

విల్ఫ్ మేవిస్ సంచి వైపు చూశాడు.

"తినడానికేమైనా తెచ్చావా?"

మేవిస్ సంచిలోంచి మాంసం కూరిన రొట్టె తీసిచ్చింది. అతను తింటుంటే చూసి ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. ముక్కు తుడుచుకుని, ఇక ఇంటికి పోదామని లైట్ల స్విచ్ మీద చెయ్యి వేసింది.

"స్కెల్‌బీ..."

ఈసారి వేరే గొంతు. పెద్దవాడిది.

"దీపాలు ఆర్పకండి... వెనక ఇంకా చాలామందిమి ఉన్నాం."

విల్ఫ్ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. మెల్లగా మింగాడు. మేవిస్ చెయ్యి పట్టుకుని స్విచ్ మీంచి తీసేశాడు.

"ఇంజిన్ ఆపకు," అన్నాడు. "బ్యాటరీ దిగిపోతుంది."