తలలు తీసే గది

మొదటిసారి పెద్ద సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి వెళ్ళేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, అక్కడ అన్నిటికంటే ఎక్కువగా చేసే పని నిలబడడం. లోపలికి వెళ్ళడానికి నిలబడాలి. మెడలో బ్యాడ్జి వేయించుకోవడానికి నిలబడాలి. నీళ్ళకీ నిలబడాలి. కాళ్ళు పీకుతున్నాయమ్మా అని పక్కవాళ్ళతో చెప్పుకుందామంటే ముందు వాళ్ళ చెవులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఒకాయన మొసలి తలతో ఉంటాడు. ఇంకొకామె ఒంటినిండా చిన్నచిన్న దీపాలు కట్టుకుని ఉంటుంది. నేను మెత్తటి చెప్పులేసుకుని వెళ్ళాను, అదొక్కటే కలిసొచ్చింది.

నన్ను తీసుకెళ్ళింది మా మనవరాలు. కాలేజీకి వెళ్ళే పిల్లే అయినా ఇంట్లో అందరికీ ఇంకా పిచ్చుకే. పుట్టిన దగ్గర్నుంచీ దానికి ఆయాసం. చలిగాలి తగిలినా, దుమ్ము లేచినా, ఆఖరికి పగలబడి నవ్వినా సరే పిల్లికూతలు మొదలవుతాయి. గుండెల్లో ఎవరో కూర్చుని సన్నగా ఈల వేస్తున్నట్టుంటుంది. ఆ ఈల వింటూ నిద్రపోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఈల ఉందంటే పిల్ల ఊపిరి ఆడుతోందన్నమాట.

నాకు అక్షరాలు దిద్దించింది కూడా అదే. అది చేతికిచ్చిన పుస్తకాలన్నీ నక్షత్రాల మధ్య తిరిగే ఓడల గురించే కాబట్టి, నాకు బస్సుల మీద ఊళ్ళ పేర్లకంటే ముందు గ్రహాల పేర్లు చదవడం వచ్చింది.

ఈ కన్వెన్షన్‌లో వేషాల పోటీ ఉంటుంది. మా పిచ్చుక వేసుకున్నది సూర్యుడే లేని గ్రహం మీది మనిషి వేషం. అక్కడ వెలుగు ఉండదు కాబట్టి వాళ్ళకి కళ్ళు అక్కర్లేదట. ఊహ దానిది, కుట్టు నాది. బూడిదరంగు పొడుగాటి అంగీ కుట్టాను. స్పాంజితో సొరకాయలా పొడుగ్గా తల చేసి, పైన అదే గుడ్డ తొడిగాను. ముక్కూ మొహం ఏమీ పెట్టలేదు. గడ్డం కింద మాత్రం గాలికోసం నల్లటి జాలీగుడ్డ ముక్క వేశాను. అందులోంచి దానికి కనపడేది తన కాళ్ళ ముందున్న నేలే. చేతులకి పొడుగు వేళ్ళ తొడుగులు. ఎడమ చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి బూడిద దారం అయిపోతే కొస వరకూ నీలం దారంతో లాగించేశాను.

"ఎవరు చూడొచ్చార్లే అమ్మమ్మా" అంది.

అలాంటి తల పెట్టుకున్నవాళ్ళ పక్కన చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక తోడు మనిషి ఉండాలి. తల లోపలున్నవాళ్ళు పెదవి విప్పరు. మాట్లాడితే వేషం చెడుతుంది. అందుకని చేతితోనే చెప్పుకుంటారు. చెయ్యి ఒకసారి నొక్కితే నీళ్ళు కావాలని. గట్టిగా పట్టుకుని వదలకపోతే ఇంక నావల్ల కాదు, తల తీసెయ్యమని.

అయితే అందరి మధ్యలో తల తియ్యకూడదు. దానికో గది ఉంది. తలుపు మీద రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదివి కాస్త ఉలిక్కిపడ్డాను. 'తలలు తీసే గది' అని ఉంది. లోపల పెద్దపెద్ద ఫ్యాన్లు, నీళ్ళ సీసాలు, బల్లల మీద వరసగా తలలు. తోడు వచ్చినవాళ్ళు వెనకాల నిలబడి తల పైకెత్తాలి. లోపలి మనిషి చెమట తుడుచుకుని తనంతట తను తిరిగేదాకా మొహంలోకి చూడకూడదు. అది అక్కడి మర్యాద.

ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ మా అమ్మాయి నాకు జాగ్రత్తలన్నీ అప్పగించింది.

"అమ్మా, ఆ తలలో దానికి ఊపిరాడదు. మధ్యమధ్యలో తీయించు. పీల్చే మందు నీ సంచిలోనే ఉంచుకో. దాని చేతికిస్తే ఎక్కడో పారేసుకుంటుంది."

"నిన్ను పెంచింది ఎవరే?"

"అందుకే చెప్తున్నా."

మధ్యాహ్నం దాకా సరదాగానే గడిచింది. మా పిచ్చుకని ఆపి ఫోటోలు తీసుకోనివాళ్ళు లేరు. ఒంటికి డబ్బాలు తగిలించుకున్న మరమనిషి ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "మీదేం వేషం అమ్మమ్మా?" అన్నాడు.

"ముసలమ్మ వేషం నాయనా. తయారవడానికి జీవితమంతా పట్టింది."

వాడు నవ్వితే డబ్బాలన్నీ గలగలలాడాయి. నా చేతిలో ఉన్న పిచ్చుక చెయ్యి కూడా అదిరింది. లోపల నవ్వుతోందని తెలిసింది. తొడుగులోంచి కూడా ఆ చెయ్యి వెచ్చగా, చెమటతో తడితడిగా ఉంది.

తర్వాత పెద్ద హాల్లో ఏదో ప్రదర్శన అన్నారు. అంతరిక్ష ఓడ దిగుతుందట. ఆ హాలుకి ఒక్క కిటికీ లేదు. బయట ఎండ మండిపోతున్నా లోపల పగలో రాత్రో తెలియదు. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. చెమట వాసన, రంగుల వాసన, వేడెక్కిన రబ్బరు వాసన. దీపాలన్నీ ఒక్కసారి ఆర్పేశారు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. నేల కింద ఏదో పెద్ద యంత్రం తిరుగుతున్నట్టు ఒక మోత మొదలై, అరికాళ్ళలోంచి పళ్ళ దాకా పాకింది.

ఎవరో గట్టిగా తోసుకుంటూ వెళ్ళారు. పిచ్చుక చెయ్యి జారిపోయింది.

ఎంతోసేపు కాదు. చెయ్యి చాచి తడిమాను. ఏవేవో గుడ్డలు, ఎవరిదో మోచెయ్యి, చల్లటి ఇనప తొడుగు ఏదో తగిలాయి. ఆ తర్వాత పొడుగాటి వేళ్ళు తగిలాయి. అవే నా వేళ్ళని వెతుక్కుని పట్టుకున్నాయి. అమ్మయ్య అనుకున్నాను.

దీపాలు వెలిగాయి. పక్కనే బూడిదరంగు అంగీ, సొరకాయ తల. జనంలోంచి తప్పించి దుకాణాల వెనకనున్న సందులోకి తీసుకొచ్చాను. ఒకవైపు నల్లటి తెర, ఇంకోవైపు ఖాళీ అట్టపెట్టెలు. అక్కడ మనుషులెవరూ లేరు. హాలు సందడి గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది.

"నీళ్ళు కావాలా?" అని మెల్లగా అడిగాను.

చెయ్యి కదల్లేదు.

అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఫ్యాను గాలికి చల్లబడ్డట్టు కాదు. చాలాకాలం తెరవని పెట్టెలోంచి తీసిన ఇత్తడి గిన్నెలా ఉంది. చెమట లేదు. వేళ్ళలో ఎక్కడా నాడి లేదు. భయమేసి నా బొటనవేలితో దాని చిటికెనవేలు తడిమాను. కుట్టు నాదే. కళ్ళతో కూడా చూశాను, నీలం దారం. పిచ్చిదాన్ని, ఏమేమో ఊహించుకుంటున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

సంచిలో ఫోను మోగింది. కొత్త నంబరు.

"అమ్మమ్మా."

మా పిచ్చుక గొంతు.

"ఎక్కడికెళ్ళిపోయావ్? చీకట్లో నీ చెయ్యి జారిపోయింది. ఎవరో ఆవిడ నన్ను తలలు తీసే గదికి తీసుకొచ్చింది. ఈ ఫోను కూడా ఆవిడదే. ఊపిరాడ్డం లేదు అమ్మమ్మా. మందు తీసుకురా."

పక్కకి తిరగలేదు. చూపు మాత్రం పక్కకి తిప్పాను.

పొడుగాటి తల... కొంచెం వంగి ఉంది. ఫోను వైపు. వింటున్నట్టు.

"అమ్మమ్మా, ఉన్నావా?"

"వస్తున్నా" అన్నాను.

చెయ్యి లాక్కోబోయాను. రాలేదు. ఆ వేళ్ళు బిగుసుకున్నాయి. ఇంకా బిగుసుకున్నాయి. నా ఎముకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అయినా వదలడం లేదు.

గట్టిగా పట్టుకుని వదలకపోతే... తల తీసెయ్యమని.

దాన్ని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్ళలేను. అక్కడ మా పిల్ల ఉంది. వదిలించుకుంటే తప్ప కదలలేను. అది అడుగుతున్నది తల తియ్యమని. సరే, తీసేస్తే వదులుతుందేమో. ఫోను సంచిలో పడేసి, మర్యాద ప్రకారం దాని వెనక్కి జరిగి, రెండో చేత్తో తల పైకెత్తాను. స్పాంజి తల కదా, తేలిగ్గా వచ్చేసింది.

కింద ఇంకో తల ఉంది.

అదే గుడ్డ, అదే ఆకారం, కాస్త చిన్నది. మెడ చుట్టూ నా కుట్టు. నేను కుట్టింది ఒక్కటే తల. దీన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ కుట్టు నాదే... ముడి వేసి వెనక్కి తిప్పే పద్ధతి కూడా నాదే.

చేతిమీద పట్టు వదల్లేదు.

దాన్నీ ఎత్తాను. దాని కింద ఇంకోటి. మామూలు మనిషి తలంతే ఉంది. ఎత్తుదామని చెయ్యి వేశాను.

అది వెచ్చగా ఉంది.

తడిగా, వెచ్చగా... లోపలినుంచి గుడ్డ పైకీ కిందికీ కదులుతోంది. గడ్డం కింద జాలీలోంచి సన్నగా ఈల.

ఆ ఈల నాకు తెలుసు. దాన్ని వింటూనే ఇన్నేళ్ళూ నిద్రపోయాను.

"అమ్మమ్మా..." చాలా లోపలినుంచి వచ్చింది. "మందు..."

సంచిలో చెయ్యి పెట్టాను. మందు దొరికింది. బయటికి తీశాను. అప్పుడే ఫోను మళ్ళీ మోగింది. మందు పిడికిట్లో ఉండగానే ఆ చేత్తోనే తీసి చెవికి పెట్టుకున్నాను.

"అమ్మమ్మా, రాలేదేం? నావల్ల కావట్లేదు. తొందరగా రా."

స్పష్టంగా ఉంది ఆ గొంతు. ఈల లేదు. ఫోన్లో ఈల వినపడదేమో అనుకున్నాను. ఏం అనుకోను? తలలో తల, ఆ తలలో తల ఉన్నదాన్ని ఏ కన్నతల్లి అయినా తన పిల్ల అనుకుంటుందా? మందు నా చేతిలో ఒక్కటే ఉంది. నా పిల్ల అక్కడ ఉందో, ఇక్కడ ఉందో...

చెవి దగ్గర ఫోను. ఎదురుగా ఈల. సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది.

తర్వాత ఆగిపోయింది.

నా చేతిని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి.

నేను పరిగెత్తాను. ఎవరెవరిని తోసుకుంటూ వెళ్ళానో తెలియదు. గది తలుపు నెట్టి చూస్తే, ఫ్యాన్ల ముందు మా పిచ్చుక వీపు కనపడింది. జుట్టు తడిసి మెడకి అంటుకుపోయి ఉంది. పక్కన బల్లమీద సొరకాయ తల, చేతి తొడుగులు. ఎడమ చిటికెనవేలికి నీలం దారం. దానంతట అది తిరిగేదాకా ఆగాను. తిరిగింది. మా పిచ్చుక మొహమే. కళ్ళ కింద ఎరుపు, బుగ్గమీద స్పాంజి ఒత్తుకున్న గుర్తు.

"ఎంతసేపమ్మమ్మా" అని మందు లాక్కుని పీల్చింది.

దాన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చాను. అంతమందిలో తప్పిపోయినందుకు ఏడుస్తున్నాననుకుంది. "ఊరుకో, నేను చిన్నపిల్లనా?" అని వీపు నిమిరింది. కాపలా ఆయన్ని వెంటబెట్టుకుని ఆ సందులోకి వెళ్ళాను. అట్టపెట్టెలున్నాయి. తెర ఉంది. ఇంకేమీ లేదు. "వేడికి అలాగే ఉంటుందమ్మా, కాసేపు కూర్చోండి" అని ఆయన నీళ్ళ సీసా ఇచ్చాడు.

పోటీలో మా పిచ్చుకకి బహుమతి వచ్చింది. ఇంటికొచ్చాం.

ఆ రోజు నుంచీ దానికి ఆయాసం రాలేదు. మెట్లెక్కి పరిగెత్తుతుంది, దుప్పట్లు దులుపుతుంది, కడుపుబ్బ నవ్వుతుంది. డాక్టరుగారు గుండెలమీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఏ శబ్దమూ లేదమ్మా, శుభ్రంగా ఉంది అన్నారు. మా అమ్మాయి ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఏడ్చేసింది. ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపోతున్నానమ్మా అంటుంది. నిజమే, మా అమ్మాయి మొహంలో మళ్ళీ కళ వచ్చింది. దాని ముందు నేను నోరు విప్పలేను.

రాత్రిళ్ళు నాకే నిద్ర పట్టదు. పక్క మంచం మీద పిల్ల అటు తిరిగి పడుకుని ఉంటుంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

అది మంచి పిల్ల. మునుపటికంటే ప్రేమగా ఉంటుంది. నాకు కష్టమైన మాటలు పక్కన కూర్చుని చదివిస్తుంది. నా మోకాళ్ళకి మందు రాస్తుంది. రాసేటప్పుడు దాని చెయ్యి వెచ్చగానే ఉంటుంది. రోజూ చూసుకుంటాను, వెచ్చగానే ఉంటుంది.

నిన్న ఉదయం వాన పట్టుకుంది, చలిగాలి కూడా. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. వీధిలో ఎవరిదో గొడుగు ఎగిరిపోతుంటే అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తూ నవ్వుతోంది. నేనూ దానిలాగే ఆనుకుని చూశాను. చలికి నా ఊపిరి తగిలి నా ముందున్న అద్దం తెల్లగా మసకబారింది. కొంగుతో తుడుచుకున్నాను. మళ్ళీ మసకబారింది.

దాని వైపు చూశాను. అది ఇంకా నవ్వుతూనే ఉంది, ముక్కు అద్దానికి ఆనించే ఉంది.

దాని ముందున్న అద్దం తేటగా ఉంది.