గని బావిలో చిక్కుడుకాయ

చీకటి పడ్డాక ఆ గని బావి వైపు ఎవరూ నడిచి వెళ్ళరు. వెళ్ళినా నడిచి రారు... పరుగెత్తుకొస్తారు.

అది ఊరికి నట్టనడుమ ఉంటుందట. ఒకప్పుడు ఊరంటే ఆ బావే. బంగారం పడిందని నేలలోకి తవ్వారు. తవ్వేవాళ్ళకి గుడిసెలు వేశారు. గుడిసెలు వీధులై, వీధులు మహానగరమై కూర్చున్నాయి. పనికని ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి పడ్డారు కదా, ఇప్పటికీ అక్కడ ఒక్క వీధి దాటేలోపు పది భాషలు చెవిన పడతాయట. బంగారం ఎప్పుడో అయిపోయింది. బావి మాత్రం బ్యాంకుకీ చెప్పుల దుకాణానికీ మధ్య, పాత ప్రహరీ వెనక, ఇనప మూత వేసుకుని అలాగే ఉంది.

రాత్రయితే లోపలి నుంచి పిలుపు వస్తుంది.

పిలుపొకటే అయితే సరిపెట్టుకోవచ్చు. అది ఒక్కో రాత్రి ఒక్కో భాషలో పిలుస్తుందట! రొట్టెల దుకాణం ఆయనకి ఒకసారి అచ్చం వాళ్ళ భాషలో వినిపించింది. గడియారాలు బాగుచేసే ముసలాయనకి ఇంకోసారి వాళ్ళ భాషలో. తెలియని భాషయితే ఏదో రొద అనుకుని పోతాం. సొంత భాషలో నేల కిందనుంచి పిలిస్తే — కాళ్ళు నిలుస్తాయా?

ఇది మా పెద్దమ్మ చెప్పిన సంగతి. పెద్దమ్మ బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గడగడా మాట్లాడగలదు. దెయ్యాలూ లేవు గియ్యాలూ లేవంటుంది... పగటిపూట.

ఆవిడ ఆ ఊరు వెళ్ళింది వింతలు చూడ్డానికి కాదు. తమ్ముణ్ణి, అంటే మా మామయ్యని, వెతుక్కోవడానికి. మామయ్య మూడోసారి పరీక్ష తప్పిన రోజు కోపం పట్టలేక, "ఛీ, నీ మొహం నాకు చూపించకు!" అంది. మామయ్య నిజంగానే చూపించలేదు. ఆరేళ్ళు.

ఏడాదికోసారి మాత్రం ఆ ఊరి నుంచి ఒక కార్డు వచ్చేది. ఒకవైపు గని బొమ్మ. రెండోవైపు మా చిరునామా, అంతే. బతికే ఉన్నానని చెప్పడమన్నమాట. పెద్దమ్మ ఆ కార్డుల్ని కుట్టుమిషను సొరుగులో దాచుకునేది.

ఆ ఏడు కార్డు రాలేదు.

నెల చూసింది. మూడు నెలలు చూసింది. ఇక ఆగలేక, సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేసి రైలెక్కింది.

పెద్దమ్మకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఫోటో పట్టుకుని మూడు రోజులు తిరిగింది. అందరూ చూశారు, ఎవరి భాషలో వాళ్ళు బోలెడు జాలిపడ్డారు. లాడ్జి నడిపే ఆవిడైతే కాగితం మీద బావి బొమ్మ గీసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, కళ్ళు తేలేసి చూపించింది. రాత్రిపూట అటు పోవద్దని. ఆ మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

మూడో రాత్రి... తెల్లారితే తిరుగు రైలు. పనివాళ్ళు ఉండే గదులన్నీ తిరిగి తిరిగి, దారి తప్పి, పెద్దమ్మ ఏ వీధిలోకి వచ్చిందో చెప్పాలా? పక్కన బ్యాంకు. అటు చెప్పుల దుకాణం. మధ్యలో ప్రహరీ గేటు ఓరగా తెరిచి ఉంది.

"నాకేం భయం," అనుకుంటూ నడక జోరు పెంచింది.

అప్పుడు... నేల కిందనుంచి...

"అక్కోయ్..."

పెద్దమ్మ ఆగిపోయింది. తెలుగే!

"అక్కోయ్... చిక్కుడుకాయ్!"

పైప్రాణాలు పైనే పోయాయి.

మీకు నవ్వొస్తుంది, నాకు తెలుసు. కానీ మామయ్య నాలుగేళ్ళప్పుడు ఆటలో ట్రంకుపెట్టెలో దాక్కున్నాడు. మూత పడిపోయింది. 'చిక్కుకుపోయా' అనడానికి నోరు తిరక్క, "అక్కోయ్, చిక్కుడుకాయ్!" అని ఒకటే కేకలు. పెద్దమ్మే వెళ్ళి తీసింది. అప్పట్నుంచీ చొక్కా తలలో ఇరుక్కున్నా, లెక్క తెగకపోయినా, మామయ్యకి అదే మాట. మా ఇల్లు దాటి ఆ మాట ఎవరికీ తెలియదు.

అందుకే కార్డు రాలేదా?

పరుగెత్తలేదు మా పెద్దమ్మ. గేటు తోసుకుని లోపలికెళ్ళి, ఆ మూత మీద బోర్లా పడిపోయింది. సందులో నోరు పెట్టి గుసగుసగా అడిగింది.

"ఎప్పుడు పోయావురా తమ్ముడూ?"

సందుకి చెవి ఆనించి, మళ్ళీ నోరు పెట్టింది.

"నా నోరు పడిపోనూ! ఏదో కోపంలో అన్నాన్రా... ఒక్కసారి మొహం చూపించరా. ఎలా ఉన్నా సరే, చూస్తాను."

లోపలి నుంచి, కొంచెం అనుమానంగా —

"అక్కోయ్...? చిక్కుడుకాయ్...?"

మూత లాగింది. తాళం. గాజులు చిట్లేలా గుంజింది. అంతలో వెనక... అడుగుల చప్పుడు.

తిరిగి చూసింది. చేతిలో రెండు టీ గ్లాసులతో ఎవరో. వీధి దీపం మొహం మీద పడింది.

కెవ్వుమంది పెద్దమ్మ. కెవ్వుమన్నాడు ఆ మనిషి. గ్లాసులు భళ్ళున పగిలాయి. ఆ మనిషి గిరుక్కున తిరిగి, రెండు చేతులతో మొహం కప్పుకుని గోడవైపు నిలబడ్డాడు.

"చూపించొద్దన్నావుగా..." అన్నాడు మెల్లిగా.

పెద్దమ్మ దగ్గరికెళ్ళి భుజం తట్టింది. వెచ్చగా ఉంది. మనిషే! ఇటు తిప్పి చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత పట్టుకుని భోరుమంది.

"మరి... లోపలున్నదెవడ్రా?"

"నా జోడీ అక్కా. పాత గనిలో ఊరే నీళ్ళు తోడుతున్నాడు. తోడకపోతే ఇళ్ళ కింద గదులన్నీ మునిగిపోతాయి. ఒకడు దిగుతాడు, ఒకడు పైన మూతకి కాపలా. మేం ఏడుగురం, ఏడు దేశాలవాళ్ళం. కిందవాడు పని కాగానే పైవాడి భాషలో కేకెయ్యాలి. 'మూత తియ్యి' అనడానికి మీ భాషలో ఏమంటారని అడిగితే... ఇది నేర్పా."

"మూత తియ్యి అని నేర్పక ఇదేం చోద్యంరా?"

మామయ్య తల దించుకున్నాడు. "ఎవరో ఒకరు అలా పిలుస్తుంటే... ఇంట్లో ఉన్నట్టుండేదే."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరి ఈ ఏడు కార్డు?"

జేబులోంచి తీసిచ్చాడు. మడతలు పడి, నలిగి ఉంది. మొదటిసారి అందులో అక్షరాలున్నాయి. "అక్కా," అని. అంతే.

"ఈసారి ఉత్తరం రాద్దామనుకున్నా. మూడు నెలల్నుంచీ రాస్తూనే ఉన్నా. ఆ తర్వాత ఏం రాయాలో..."

"చిక్కుడుకాయవన్నమాట," అంది పెద్దమ్మ.

ఇద్దరూ ఏడుస్తూనే పగలబడి నవ్వారు. ఎంతసేపు నవ్వారో, ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో వాళ్ళకే తెలియదు. అమ్మ ఎలా ఉంది, చెల్లికి పిల్లలెందరు, కుక్క ఇంకా ఉందా...

ఉన్నట్టుండి కాళ్ళ కింద మూత దడదడలాడింది. ఈసారి ఆ గొంతులో దెయ్యమేమీ లేదు. ఒళ్ళు మండిన మనిషి ఉన్నాడు.

"అక్కోయ్!! చిక్కుడుకాయ్!!"

"వస్తున్నా నాయనా, వస్తున్నా!" అంటూ పెద్దమ్మ తమ్ముడి చేతిలోంచి తాళంచెవి లాక్కుంది.