బెల్టు జారిన గొంతు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికే ఏజెంట్ పావురం ప్రాణం పోయింది. గుండెలో ఒకటే బుల్లెట్. సైలెన్సర్ వాడారు కాబోలు, అంత సందడిగా ఉన్న భవనంలో ఎవరికీ చప్పుడు వినబడలేదు. చచ్చిపోయిన ఆ ఏజెంట్ జేబులో అరచేతిలో ఇమిడే మైక్రోకాసెట్ రికార్డర్ దొరికింది. కిందపడ్డప్పుడు మూత నొక్కుకుపోయి, లోపలి కాసెట్ బయటికి రావడం లేదు.

"విదేశీ ముఠా మన శాస్త్రవేత్తని ఇవాళే లేపేస్తుంది. ఎవరి చేత చేయిస్తారో ఇందులో ఉండాలి." చీఫ్ దాన్ని ఏజెంట్ గద్ద బల్లమీద పెట్టాడు. "త్వరగా మాట్లాడించు."

"ఆయన దగ్గర ఎవరున్నారు సార్?"

"కింది అంతస్తులో ఉన్నాడు. సెక్రటరీ వేషంలో నెమలి. బాడీగార్డు మీ తోడల్లుడు."

గద్దకి ఒళ్ళు మండింది. నెమలి డబుల్ ఏజెంట్. ముఠాలో తిరుగుతూ వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తుందని డిపార్ట్‌మెంట్ నమ్మకం. ఇన్నాళ్ళూ ఆమెతో కోడ్ మాటలు మార్చుకున్నది తను. సూటు తొడుక్కుని ఆమె పక్కన నిలబడేది మాత్రం తోడల్లుడు! ఇంట్లో అత్తగారు మురిసిపోయేదీ వాడిని చూసే, ఆఫీసులో హీరో అనిపించుకునేదీ వాడే.

పళ్ళు నూరుకుంటూ బ్యాటరీలు మార్చాడు. దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి, మూత సందులోంచి దూర్చి, టేపుని చదివే హెడ్ మీద పేరుకున్న మడ్డి తుడిచాడు. ప్లే నొక్కాడు. గరగర తగ్గి, ఒక బొంగురు గొంతు తాపీగా పలికింది.

"నేను పక్కనే ఉంటాగా... కాఫీలో నేనే కలుపుతాను... నన్నెవరూ అనుమానించరు..."

ఆ సాగదీత! ఆ తాపీ! అచ్చం తోడల్లుడే. గద్ద ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ అందుకున్నాడు.

"సార్, మా తోడల్లుడే ద్రోహి! బేడీలు వేయించండి."

"ఖాయమా?"

"నూటికి నూరు పాళ్ళు!"

"మరి శాస్త్రవేత్తకి కాపలా?"

"నెమలి ఉందిగా సార్!"

ఆ గొంతు ఇంకోసారి వినాలని మనసు పీకింది. తనివితీరా వినడానికి మళ్ళీ ప్లే నొక్కాడు. ఈసారి మాటల వెనకాల టెలిఫోన్ గంట వినిపించింది. ఏడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ మోగుతోంది. ఏ ఫోనూ అంత నీరసంగా మోగదు.

గద్ద గబగబా స్క్రూలు విప్పి వెనక రేకు తీశాడు. మోటారు నుంచి చక్రాన్ని తిప్పే సన్నటి రబ్బరు బెల్టు సాగిపోయి జారుతోంది. టేపు నత్తనడక నడుస్తోంది. వేగం పడిపోతే ఆడగొంతు కూడా మగగొంతైపోతుంది!

పాత మెషీన్‌లోంచి బెల్టు ఊడదీసి, పట్టకారుతో తగిలించాడు. నొక్కాడు.

"కాఫీలో నేనే కలుపుతాను." గలగలా నవ్వు. నెమలి!

చీఫ్ ఫోన్ ఎంగేజ్. గద్ద మెట్లమీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. వరండాలో ఇద్దరు గార్డుల మధ్య, చేతులకి బేడీలతో తోడల్లుడు కనిపించాడు.

"నెమలి! కాఫీ!" అరుస్తూనే తలుపు తోసుకుని లోపలికి దూకాడు. కప్పు శాస్త్రవేత్త పెదవులకి తగలబోతోంది. చేత్తో ఒక్కటి కొట్టాడు. కప్పు గోడకి తగిలి ముక్కలైంది.

నెమలి లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి సన్నటి తుపాకీ గొట్టం బయటికొచ్చి గద్ద గుండెకేసి తిరిగింది.

"చెవులు చురుకే," అంది నవ్వుతూ. "కాస్త ఆలస్యంగా."

ఆమె మీట నొక్కేలోపు, గార్డులని విదిలించుకున్న తోడల్లుడు బేడీల చేతులతోనే ఆమె మణికట్టు మీద పడ్డాడు. తూటా పైకప్పులోకి దూసుకుపోయింది.

గార్డులు నెమలిని తీసుకెళ్ళి, శాస్త్రవేత్తని వేరే గదికి పంపాక గదిలో ఇద్దరే మిగిలారు. గద్దకి తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

"అన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు. "గొంతు నాదనుకున్నారు, సరే. ఎవరైనా పొరపడతారు. కానీ ఫోన్‌లో మీరు తెగ సంబరపడిపోతూ చెప్పారట కదా, అదెందుకు?"



"చేతులు ఇలా పెట్టు తమ్ముడూ, బేడీలు తీస్తాను," అని గద్ద జేబులన్నీ తడుముకున్నాడు, తాళంచెవి చీఫ్ దగ్గరుందని తెలిసి కూడా.